రోజు చేసిన పనులు రాసుకునే చిన్న ప్రోగ్రాం: దేనితో కట్టుకుంటే మంచిది?

రోజు ఎలా గడిచిందో రాసిపెట్టుకోవడానికి సొంతంగా ఒక చిన్న ప్రోగ్రాం తయారు చేసుకుందామనుకునేవారు ముందుగా వేసే ప్రశ్న ఇది: ప్రోగ్రామింగ్ భాష పైథానా, జావాస్క్రిప్టా? ఎక్సెల్ చాలుతుందా, డేటాబేస్ కావాలా? నా లెక్కలో ఇది మూడో ప్రశ్న. ఆ రాతల నుంచి మీకు ఏం తెలియాలన్నది మొదటిది. పని మారే క్షణంలో మీ చేయి ఎక్కడ ఉంటుందన్నది రెండోది. కీబోర్డు మీద ఉంటుందా, ఫోను మీద ఉంటుందా, చపాతీ పిండిలో ఉంటుందా? ఈ రెండింటికీ నిజాయితీగా జవాబు చెప్పుకుంటే మూడోది చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

తెలుసుకోవాలనుకునేవి రెండు రకాలు. ‘ఎంతసేపు’ అన్నది ఒకటి, ‘ఎప్పుడు, ఎన్నిసార్లు’ అన్నది మరొకటి. గ్రూప్స్‌కు చదువుతున్న అభ్యర్థికి పాలిటీకి ఎన్ని గంటలు, ఎకానమీకి ఎన్ని గంటలు పోతున్నాయో కావాలి. ఇంట్లో పెద్దవాళ్లను చూసుకునే మనిషికి గంటలతో పనిలేదు. మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, సాయంత్రం నడిచారా లేదా అన్నదే కావాలి. రెండో రకానికి ఒక సమయం, ఒక మాట ఉంటే చాలు. మొదటి రకానికి ప్రతి పనికీ మొదలు, ముగింపు రెండూ తెలియాలి. చిక్కులన్నీ అక్కడే పుడతాయి. మీది రెండో రకమైతే నోట్‌ప్యాడ్ గురించి, గూగుల్ ఫారమ్ గురించి చెప్పింది చదువుకుని మిగతాది వదిలేయవచ్చు.

పాత కిరాణా దుకాణాల్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. జరిగింది జరిగినట్టు వరుసగా చిట్టాలోకి ఎక్కేది, ఎవరి ఖాతా ఎంత అన్న లెక్క తీరిక దొరికినప్పుడు ఆవర్జాలోకి వెళ్లేది. మీ ప్రోగ్రాం కూడా పగలంతా చిట్టా మాత్రమే రాయాలి, మొత్తాలు, సగటులు, పట్టికలు అడిగినప్పుడు లెక్కగట్టి చూపాలి. రాసే సమయంలోనే లెక్కలు కట్టబోయే ప్రోగ్రాంలు మొదటి సవరణకే తికమక పడతాయి. కింద చెప్పే దారులన్నింటినీ నేను ఈ కొలతతోనే చూశాను: చిట్టాలో ఒక పంక్తి వేయడానికి ఎంత శ్రమ, ఆ చిట్టా పదేళ్ల తర్వాత తెరుచుకుంటుందా, దాని నుంచి ఆవర్జా తీయడం ఎంత సులభం.

కట్టకుండా గడుస్తుందా?

కంప్యూటర్ ముందు గడిపిన సమయం గురించే మీ ప్రశ్న అయితే కొత్తగా ఏమీ కట్టవద్దు. యాక్టివిటీవాచ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఏ అప్లికేషన్, ఏ విండో ఎంతసేపు ముందున్నదో తనే రాసుకుంటుంది, ఆ సమాచారాన్ని మీ యంత్రంలోనే ఉంచుతుంది. కానీ అది చూసేది తెరనే, మనిషిని కాదు. మామూలు అమరికలో మూడు నిమిషాల పాటు కీబోర్డు, మౌస్ కదలకపోతే మీరు అక్కడ లేరని అనుకుంటుంది. మీరు పక్కనే కాగితం మీద లెక్క చేసుకుంటూ ఉండవచ్చు, దానికి తెలియదు. వంటిల్లు, బస్సు ప్రయాణం, మధ్యాహ్నం కునుకు అసలే తెలియవు.

టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే తెర) అలవాటున్నవారికి టైమ్‌వారియర్ ఉంది. మొదలుపెట్టు, ఆపు అని ఆదేశాలిస్తే నెలకో టెక్స్ట్ ఫైల్‌లో రాసుకుంటుంది. జీటైమ్‌లాగ్ పద్ధతి వేరు. పని పూర్తయ్యాక ఏం చేశారో రాస్తారు, అంతకుముందు రాసిన పంక్తి నుంచి ఇప్పటివరకు ఉన్న సమయమంతా ఆ పనికి చేరుతుంది. ఈ రెండోదాన్ని వాడకపోయినా ఒకసారి చూడండి. సొంతంగా కట్టుకునేవారికి అందులో మంచి ఆలోచనలు దొరుకుతాయి.

విండోస్ వాడేవారికి కోడ్ ఒక్క పంక్తి కూడా అక్కరలేని మార్గం ఒకటి ఉంది, చాలామందికి తెలియదు. నోట్‌ప్యాడ్‌లో కొత్త ఫైల్ తెరిచి, మొదటి పంక్తిలో ఒక చుక్క పెట్టి, దాని వెంటనే ఖాళీ వదలకుండా లాగ్ అన్న మాటను ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో రాసి దాచుకోండి. ఆ తర్వాత ఆ ఫైల్ తెరిచిన ప్రతిసారీ అప్పటి సమయం, తేదీ చివర వచ్చి చేరతాయి. దాని కింద ఒక వాక్యం రాసి మూసేయడమే. ఫైల్ తెరిచే ఉంటే ఎఫ్5 మీట నొక్కినా సమయం పడుతుంది. ‘ఎప్పుడు’ రకం ప్రశ్నలకు ఇది నిక్షేపంగా సరిపోతుంది. తేదీ రాసే తీరు మీ విండోస్ ప్రాంతీయ అమరికను బట్టి మారుతుంది కాబట్టి, గంటలు లెక్కగట్టాలంటే మాత్రం తర్వాత అవస్థ పడాలి.

టెక్స్ట్ ఫైల్, దానికి తోడు పది పదిహేను పంక్తుల పైథాన్

నా ఓటు దీనికే. ఒక ఆదేశం టైపు చేసి పక్కనే పని పేరు రాస్తే, ప్రోగ్రాం ఇప్పటి సమయాన్ని జతచేసి ఫైల్ చివర ఒక పంక్తి కలుపుతుంది. అంతే. ఆ ఫైల్‌ను ఏ యంత్రంలోనైనా, ఏ ఎడిటర్‌లోనైనా తెరవవచ్చు, తప్పు పడితే చేత్తో దిద్దవచ్చు. మీ ప్రోగ్రాం పాడైనా చిట్టా చెక్కుచెదరదు.

‘టెక్స్ట్ ఫైల్ పెద్దదైపోతే?’ అన్న భయం అక్కరలేదు. తేదీ, సమయం, టైమ్‌జోన్ తేడా కలిపి రాస్తే 25 అక్షరాలు, అంటే 25 బైట్లు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు యూనికోడ్ గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది కనుక ఇరవై గుర్తుల తెలుగు మాటకు 60 బైట్లు. చిల్లరమల్లర కలిపి పంక్తికి వంద బైట్లనుకుందాం. రోజుకు ఇరవై పంక్తులు రాస్తే ఏడాదికి 7,300 పంక్తులు, 730 కిలోబైట్లు. పదేళ్ల జీవితం ఏడెనిమిది మెగాబైట్లలో ఇమిడిపోతుంది. ఎక్సెల్‌లో ఒక షీటుకు 10,48,576 వరుసల పరిమితి ఉంది, ఈ లెక్కన అది నిండడానికి 140 ఏళ్లు దాటుతుంది. సైజు కోసం డేటాబేస్ కావాలనే వాదన ఇక్కడ నిలవదు.

అసలు ఇబ్బందులు తెలుగుతో వస్తాయి, అవి ముందే తెలిసి ఉండటం మంచిది. విండోస్‌లో పైథాన్‌తో ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పకపోతే చాలా వెర్షన్లు పాత కోడ్‌పేజీని (అక్షరాల పట్టికను) తీసుకుంటాయి. మొదటి తెలుగు అక్షరం దగ్గరే లోపం చూపి ఆగిపోతాయి. దాన్ని దాటాక ఎక్సెల్ ఉంది. మామూలు యూటీఎఫ్-8లో రాసిన సీఎస్‌వీ (గడులను కామాలతో విడదీసే) ఫైల్‌ను రెండుసార్లు క్లిక్ చేసి తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపించవచ్చు. ఫైల్ మొదట్లో బీఓఎమ్ అనే గుర్తు ఉంటే ఎక్సెల్ సరిగా చదువుతుంది. పైథాన్‌లో ఎన్‌కోడింగ్ పేరుకు సిగ్ అన్న తోక తగిలిస్తే ఆ గుర్తు తానే పడుతుంది. నేనైతే చిట్టాకు ఆ తోక పెట్టను, ఎక్సెల్ కోసం విడిగా తీసే ప్రతికి మాత్రమే పెడతాను. ఇక నల్లటి టెర్మినల్ తెర మీద ఒత్తులు, గుణింతాలు చెల్లాచెదురుగా కనిపిస్తే కంగారు పడకండి. ఫైల్‌లో మాట సరిగ్గానే ఉంటుంది, చూపడం చేతకానిది తెరకే.

తేదీని మనం వాడే పద్ధతిలో రోజు, నెల, ఏడాది వరుసలో రాయవద్దు. ఏడాది, నెల, రోజు, గంట అన్న వరుసలో, అంకెల ముందుండే సున్నాలు ఎగరగొట్టకుండా రాస్తే మామూలు అక్షరక్రమంలో పేర్చినా కాలక్రమం వచ్చేస్తుంది. ఐఎస్ఓ 8601 ప్రమాణం చెప్పేది ఇదే. 04-03-2025 అని రాస్తే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా అన్నది ఎక్సెల్ అమరికను బట్టి మారిపోతుంది. అమెరికా అమరిక ఉన్న లాప్‌టాప్ అయితే ఏప్రిల్ మూడే.

ఇంకో సంగతి. పని రకాన్ని స్వేచ్ఛగా తెలుగులో టైపు చేయనివ్వకండి. ఆఫీసు, ఆఫీస్, ఆఫీసుపని, ఆఫీసు పని అని నాలుగు రకాలుగా రాస్తాం, ప్రోగ్రాం వాటిని నాలుగు పనులుగా లెక్కిస్తుంది. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల మధ్య కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉంటుంది. ఒక కీబోర్డు దాన్ని పెడుతుంది, మరొకటి పెట్టదు. చూడ్డానికి దాదాపు ఒకేలా ఉన్నా వెతికితే ఒకటి దొరికి మరొకటి దొరకదు. పని రకానికి ఒకటి రెండు అక్షరాల గుర్తులు పెట్టుకోండి: చదువుకు ‘చ’, వంటకు ‘వ’, నిద్రకు ‘ని’. జాబితాలో లేని గుర్తు ఇస్తే ప్రోగ్రాం ఒప్పుకోకూడదు. వివరం రాసే చోట మాత్రం మీ ఇష్టం, ఎంత తెలుగైనా రాయండి. రకాలు పది దాటనివ్వకండి. పదిహేనోది వచ్చేసరికి ఏ గుర్తు దేనిదో గుర్తు తెచ్చుకోవడమే ఒక పనవుతుంది. వివరంలో కామాలు సహజంగా పడతాయి కాబట్టి గడుల మధ్య కామా బదులు ట్యాబ్ పెట్టడం తేలిక.

ఈ దారిలో లోటు ఫోనే. ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ వేసుకుని అదే పైథాన్ ప్రోగ్రాం నడపవచ్చు, దాని విడ్జెట్ అనుబంధంతో హోమ్ స్క్రీన్ మీద మీటలు కూడా పెట్టుకోవచ్చు. కొంత ఓపిక ఉన్నవారి పని. ఫోనూ, కంప్యూటరూ ఒకే ఫైల్‌లో రాసేలా మాత్రం పెట్టకండి. క్లౌడ్‌లో రెండు ప్రతులు ఢీకొన్న రోజున ఏది అసలో తెలియదు. ఏ పరికరానికి ఆ ఫైల్ ఉండాలి, లెక్కలు తీసే ప్రోగ్రాం అన్ని ఫైళ్లనూ చదివి సమయం వరుసలో కలుపుకోవాలి.

గూగుల్ ఫారమ్

కోడ్ రాయడం రానివారికి, రోజంతా ఫోనే చేతిలో ఉండేవారికి దీన్ని మించినది లేదు. పని రకాలను ఎంచుకునే గుండ్రటి బొత్తాలుగా పెట్టి, ఒక వివరం గడి పెట్టి, ఆ ఫారమ్ లింకును హోమ్ స్క్రీన్ మీద ఉంచుకుంటే సరి. ఎంచుకుని పంపగానే సమయంతో సహా షీట్‌లోకి చేరుతుంది. పివట్ టేబుల్ (రకాల వారీగా మొత్తాలు చూపే పట్టిక) వేస్తే ఆవర్జా కూడా అక్కడే తయారు. ముందే కొన్ని జవాబులు నింపిన లింకు తీసుకునే వీలుంది. రోజూ ఎక్కువసార్లు చేసే రెండు మూడు పనులకు విడివిడిగా అలాంటి లింకులు పెట్టుకుంటే ఇక ఎంచుకునే పని కూడా ఉండదు, పంపడమే. షీట్స్‌లో కోటి గడుల పరిమితి ఉంది, ఇరవై ఆరు నిలువు వరుసల్లో ఖాళీవాటిని కలుపుకున్నా పై లెక్కన యాభై ఏళ్లకు సరిపోతుంది.

దీనిలో రెండు లోపాలు. సిగ్నల్ లేనిచోట ఫారమ్ పంపలేరు. రైలు ప్రయాణాల్లో, లిఫ్టు పక్కన సెల్లార్‌లో ఇది విసిగిస్తుంది. పైగా పడే సమయం మీరు పంపినప్పటిది, పని మొదలైనప్పటిది కాదు. అందుకని ‘ఎన్ని నిమిషాల కిందట’ అనే ఐచ్ఛిక గడి ఒకటి చేర్చుకోండి. రెండో లోపం మీకు లోపమో కాదో మీరే చెప్పాలి. మీ రోజంతా ఒక కంపెనీ సర్వర్‌లో ఉంటుంది.

ఎస్‌క్యూలైట్ ఎప్పుడు?

ఎస్‌క్యూలైట్ అంటే ఒకే ఫైల్‌లో ఇమిడే చిన్న డేటాబేస్. అది మంచిదా కాదా అన్నది ప్రశ్నే కాదు. 2000లో మొదలై నేడు ఆండ్రాయిడ్ లోపలా, బ్రౌజర్ల లోపలా నడుస్తోంది. దాని ఫైల్ ఫార్మాట్‌ను 2050 వరకు చదవగలిగేలా ఉంచుతామని తయారీదారులు మాట ఇచ్చారు. పైథాన్‌తో పాటే వస్తుంది, విడిగా వేసుకోనక్కరలేదు. ప్రశ్నల్లా మీకు ఇప్పుడు అవసరమా అన్నదే.

‘గత మూడు నెలల్లో సోమవారాలు ఉదయం పదిలోపు చదివిన గంటలెన్ని?’ లాంటి ప్రశ్నలు తరచూ అడగాలనిపించడం మొదలైతే అవసరమే. తర్వాతి వరుసలోని సమయాన్ని ఈ వరుస పక్కకు తెచ్చే లీడ్ అనే ఫంక్షన్ 2018లో వచ్చిన 3.25 వెర్షన్ నుంచి ఉంది. మొదలు సమయాలు మాత్రమే రాసిపెట్టినా ఒక్క ప్రశ్నతో వ్యవధులన్నీ వచ్చేస్తాయి. టెక్స్ట్ ఫైల్‌తో అదే పనికి పైథాన్‌లో ఒక లూప్ (పంక్తి తర్వాత పంక్తి చదివే కోడ్) రాయాలి. పెద్ద కష్టమేమీ కాదు, కానీ కొత్త ప్రశ్నకల్లా కొత్త లూప్.

ఇందులో తేదీకి ప్రత్యేకమైన రకం లేదు. పైన చెప్పిన ఐఎస్ఓ పద్ధతిలో పాఠ్యంగానే దాచుకుంటారు. నడుస్తున్న డేటాబేస్ ఫైల్‌ను క్లౌడ్ సింక్ ఫోల్డర్‌లో పెట్టకండి. రాత మధ్యలో ఉండగా దాని పక్కన జర్నల్ అనే తాత్కాలిక ఫైళ్లు ఉంటాయి, సింక్ ప్రోగ్రాం ఒకదాన్ని తీసుకెళ్లి మరొకదాన్ని వదిలేస్తే ఆ ప్రతి పనికిరాకుండా పోవచ్చు. 2019 నుంచి ఉన్న వాక్యూమ్ ఇన్‌టు ఆదేశంతో శుభ్రమైన ప్రతి తీసి, దాన్ని క్లౌడ్‌లోకి పంపండి. తప్పు పంక్తి దిద్దడానికి కూడా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగే భాష) రాయాలి లేదా డీబీ బ్రౌజర్ లాంటి సాధనం తెరవాలి. చేత్తో దిద్దుకునే సుఖం పోతుంది.

నా సలహా మధ్యేమార్గం. చిట్టా టెక్స్ట్‌లోనే రాయండి. ప్రశ్నలు అడగాలనిపించినప్పుడు ఆ ఫైల్ మొత్తాన్ని అప్పటికప్పుడు ఎస్‌క్యూలైట్‌లోకి ఎక్కించి అడగండి. ఏడెనిమిది మెగాబైట్లు ఎక్కించడానికి టీ చల్లారేంత సమయం కూడా పట్టదు. డేటాబేస్ పాడైతే చెరిపేసి మళ్లీ ఎక్కించుకోవచ్చు.

టెలిగ్రామ్ బాట్, బ్రౌజర్ పేజీ

టెలిగ్రామ్‌లో బాట్‌ఫాదర్ దగ్గర ఒక బాట్ (మనిషి బదులు ప్రోగ్రాం నడిపే ఖాతా) తెరిచి దానికి సందేశం పంపినట్టుగా పనులు రాసుకోవడం కొందరికి చాలా నచ్చుతుంది. టైపు చేసే చోటు అలవాటైనదే, సందేశంతో పాటే సమయం వస్తుంది. మీ ప్రోగ్రాం ఆలస్యంగా చదివినా ఆ సమయం తప్పదు. అయితే అందుకోని సందేశాలను టెలిగ్రామ్ సర్వర్ బాట్ కోసం 24 గంటలకు మించి ఉంచదు. శనివారం కంప్యూటర్ ఆపేసి ఊరికి వెళ్లి సోమవారం తెరిస్తే మధ్యలో రాసినవాటిలో 24 గంటలు దాటినవి మీ ప్రోగ్రాంకు అందవు. కాబట్టి ఎప్పుడూ నడుస్తూ ఉండే యంత్రం ఒకటి కావాలి, దానికి అద్దె కట్టాలి, లేదా ఇంట్లో ఒక రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పెట్టుకోవాలి. బాట్‌తో సంభాషణలకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు. బాట్ పేరు తెలిసిన ఎవరైనా దానికి సందేశం పంపగలరు కనుక మీ ఐడీ నుంచి వచ్చినవే తీసుకోవాలన్న షరతు మొదటి రోజే రాయండి.

బ్రౌజర్‌లో నడిచే ఒక్క పేజీ ప్రోగ్రాం కట్టడానికి సరదాగా ఉంటుంది, వెబ్ నేర్చుకునేవారికి మంచి అభ్యాసం. పెద్ద పెద్ద బొత్తాలు పెట్టుకోవచ్చు, నెట్ లేకపోయినా నడుస్తుంది. కానీ బ్రౌజర్ నిల్వను నమ్మి పదేళ్ల చిట్టా అప్పగించలేం. 2020 నుంచి ఆపిల్ వారి సఫారీ బ్రౌజర్‌లో, ఏడు రోజుల వాడకంలో మీరు ఒక్కసారైనా ముట్టని సైటు రాసుకున్న సమాచారాన్ని చెరిపేసే నియమం ఉంది. హోమ్ స్క్రీన్‌కు చేర్చుకున్నవాటికి ఆ నియమం వర్తించదు. ‘బ్రౌజింగ్ డేటా తుడిచేయి’ అని మీరే నొక్కినా పోతుంది. ఫైల్‌గా బయటికి తీసే బొత్తం లేకుండా ఈ దారిలో అడుగు పెట్టవద్దు.

ఏది ఎంచుకున్నా ముందే తేల్చుకోవలసినవి

మొదలు, ముగింపు రెండూ నొక్కాలా? నొక్కవద్దు. మొదలు మాత్రమే రాయండి, తర్వాతి పని మొదలే దీని ముగింపు. ఆపడం మరచిపోయిన టైమర్ రాత్రంతా పరుగెత్తి ఉదయానికి ‘పదకొండు గంటలు వంట’ అని చూపడం ఈ తరహా ప్రోగ్రాంలలో అతి మామూలు రోగం. మొదలు మాత్రమే రాసే పద్ధతిలో పడుకునేటప్పుడు ‘ని’ అని ఒక్కటి గుర్తుంటే చాలు. రాయడం మరచిన ఖాళీలను ప్రోగ్రాం పూరించకూడదు. నాలుగు గంటలకు మించి ఒకే పని ఉంటే, అది నిద్ర కాకపోతే, పక్కన ప్రశ్నార్థకం వేసి చూపితే మీరే దిద్దుకుంటారు.

రోజు ఎప్పుడు మారుతుంది? అమెరికా వేళల్లో పనిచేసే హైదరాబాద్ ఇంజనీరుకు అర్ధరాత్రి పన్నెండు అంటే పని నడుమ. అక్కడ రోజును రెండుగా కోస్తే ఏ రోజు లెక్కా అర్థం కాదు. పంచాంగం రోజును సూర్యోదయం నుంచి లెక్కించడంలో ఉన్న తెలివి ఇక్కడ పనికొస్తుంది. ఆవర్జా తీసేటప్పుడు ప్రతి సమయం నుంచి నాలుగు గంటలు తీసేసి తేదీ చూడండి, తెల్లవారుజామున మూడింటికి చేసిన పని నిన్నటి ఖాతాలోకే వెళుతుంది. జీటైమ్‌లాగ్‌లో ఈ సరిహద్దు రాత్రి రెండు గంటలకు పెట్టి ఉంటుంది, మార్చుకోవచ్చు. చిట్టాలో మాత్రం అసలు సమయమే ఉండాలి.

టైమ్‌జోన్ సంగతి ఇండియా దాటనివారికి తలనొప్పి కాదు. మన గడియారం ఏడాదంతా ఒకటే, ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీకి ఐదున్నర గంటలు ముందు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవారికి మార్చిలో రెండో ఆదివారం ఒక గంట మాయమవుతుంది, నవంబరు మొదటి ఆదివారం రాత్రి ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది. స్థానిక సమయం ఒక్కటే రాసిన ఫైల్‌లో ఆ రాత్రి ఒక పనికి మైనస్ నిమిషాలు రావచ్చు. ప్రతి పంక్తిలో యూటీసీ తేడా కూడా రాస్తే ఆ గొడవ ఉండదు, సెలవులకు విజయవాడ వచ్చి వెళ్లినా లెక్క తప్పదు. గూగుల్ ఫారమ్ ఈ తేడా రాయదు. మీరెక్కడున్నా షీట్‌కు పెట్టిన టైమ్‌జోన్‌లోనే సమయం వేస్తుంది. వ్యవధులకు అది మేలే, ‘ఉదయం ఎన్నింటికి లేచాను’ అన్న ప్రశ్నకు కాదు.

ఎవరికి ఏది?

కోడ్ జోలికి పోనివారు, ఇంటి పనులు, పెద్దవాళ్ల సంరక్షణ రాసుకునేవారు గూగుల్ ఫారమ్‌తో మొదలుపెట్టండి. ఇంట్లో మరొకరు కూడా అదే ఫారమ్ నింపగలగడం దీని అసలు లాభం. పరీక్షలకు చదివేవారికీ ఇదే చాలు. ప్రోగ్రాం రాయడం కోసం చదువు పక్కన పెట్టడం వాయిదా వేయడానికి చక్కటి సాకు అవుతుంది. రోజంతా కీబోర్డు ముందుండేవారు టెక్స్ట్ ఫైల్, పైథాన్ పట్టుకోండి, ఎస్‌క్యూలైట్‌ను ప్రశ్నలకు మాత్రమే వాడండి. టెలిగ్రామ్ బాట్, ఇంట్లో ఎప్పుడూ నడిచే యంత్రం ఇప్పటికే ఉన్నవారికి. బ్రౌజర్ పేజీ, కట్టడంలోనే ఆనందం ఉన్నవారికి.

ఆఫీసు వారిచ్చిన లాప్‌టాప్‌లో మాత్రం వీటిలో ఏదీ పెట్టవద్దు. అందులో ఉన్నది సంస్థ ఐటీ విభాగం చూడగలదు, ఉద్యోగం మారిన రోజున ఆ యంత్రంతో పాటు మీ చిట్టా కూడా వెళ్లిపోతుంది.